నీళ్లు తీసిన సంత్ర

చలికాలం వచ్చిందంటే డిచ్‌పల్లి చౌరస్తాలో బస్సు దిగేసరికి ముందు సంత్రాల వాసన తగులుతుంది. నాగ్‌పూర్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, ఆర్మూర్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి నేరుగా ఇక్కడికే దిగుతుంది కాబట్టి, ఆ పండు మనకు పొరుగూరి పండు కిందే లెక్క. తోపుడు బండి మీద డజను సంత్రాలు తీసుకున్నాను. ఎందుకైనా మంచిదని పక్క బేకరీలో లీటరు ఆరెంజ్ జ్యూస్ డబ్బా కూడా కొన్నాను. బోధన్‌లో మా మేనమామకు కంటి ఆపరేషన్ అయింది. చూడడానికి వెళ్లేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా! ఒకప్పుడు బ్రెడ్డు, సంత్రాలు పట్టుకెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆ చోటు డబ్బాది.

మామ శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ బాయిలింగ్ హౌస్‌లో పనిచేసి దిగిపోయాడు. కంటికి నల్లద్దాలు. డబ్బా చేతికిస్తే తడిమి చూసి నాకే తిరిగిచ్చాడు.

"ఏమేమున్నయో సదువు అల్లుడా."

చదివాను. మొదట నీళ్లు, ఆ తర్వాత ఆరెంజ్ జ్యూస్ కాన్సన్‌ట్రేట్.

"అంటే నీళ్లు తీసి, మళ్ల నీళ్లు పోసుడా?"

అంతే. తీసేది ఒక దేశంలో, పోసేది ఇంకో దేశంలో. ప్రపంచంలో దేశాలు దాటే ఆరెంజ్ జ్యూస్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు బ్రెజిల్‌దే. పిండిన రసంలో పదకొండు పన్నెండు శాతమే పండు సరుకు, మిగతాదంతా నీళ్లు. నీళ్లకు ఓడ కిరాయి ఎవరు కడతారు? అందుకే ఆవిరి చేసి, చిక్కబరిచి, గడ్డకట్టే చలిలో పంపుతారు. మన పొరుగునే ఇంత సంత్ర పండుతుంటే బ్రెజిల్ దాకా ఎందుకంటే, నాగ్‌పూర్ సంత్ర రసం పిండి నిల్వ పెడితే చేదెక్కుతుంది. లిమోనిన్ అనే పదార్థం చేసే పని అది. వలిచి తినడానికి పుట్టిన పండు, డబ్బాకు లొంగదు.

"ఎంత బ్రిక్స్‌ల ఆపుతరు?" మామ రెండో ప్రశ్న.

బ్రిక్స్ అంటే రసంలో కరిగి ఉన్న సరుకు శాతం. దాదాపు అంతా చక్కెరే. బోధన్‌లో ఆ మాట ఫ్యాక్టరీ గేటు దాటి చెరుకు రైతుల నోళ్లలోనూ తిరిగింది. 65 అన్నాను. మామ నవ్వాడు. "మా సిరప్ గూడ గంతే."

ఆ పోలిక ఊరికే రాలేదు. నీటిని దశలవారీగా, ఒక పాత్రలోని ఆవిరితో తర్వాతి పాత్రను మరిగిస్తూ ఇంకించే పద్ధతిని 1840లలో అమెరికాలోని లూసియానాలో నార్బర్ట్ రిలియూ చెరుకు రసం కోసమే కనిపెట్టాడు. ఆరెంజ్ జ్యూస్ వాళ్లు ఆ సూత్రాన్నే తీసుకున్నారు. తేడా అంతా ఎక్కడ ఆపుతారన్న దాంట్లో ఉంది. చెరుకు రసానికి ముందే సున్నం కొట్టి, గంధకం పొగ పట్టి మడ్డి తీస్తారు. సిరప్‌ను పాన్‌లో ఇంకా మరిగించి పలుకు కట్టిస్తారు. ఖనిజాలూ రంగూ మొలాసిస్‌లోకి పోతాయి, చేతికొచ్చేది ఒట్టి తెల్ల చక్కెర. సంత్ర రసం సగం దారిలోనే ఆగిపోతుంది. కాబట్టి విటమిన్ సి, పొటాషియం, ఫోలేట్ చాలావరకు అందులోనే ఉంటాయి. తీపి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అసలు ఈ సరుకు యుద్ధం బిడ్డ. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు విటమిన్ సి అందించాలని అమెరికా తంటాలు పడింది. ఆరబెట్టిన పొడులు, డబ్బా రసాలు నోట పెట్టేలా లేవు. ఫ్లోరిడాలో మెక్‌డవెల్, మూర్, అట్కిన్స్ అనే ముగ్గురు ఒక చిట్కా పట్టారు: రసాన్ని కావలసిన దానికన్నా ఎక్కువ చిక్కబరిచి, అందులో కాస్త తాజా రసం కలిపి 42 బ్రిక్స్‌కు దించి గడ్డకట్టించడం. పోయిన రుచి ఆ తాజా రసంతో తిరిగొచ్చింది. పేటెంట్ 1948లో వచ్చింది, అప్పటికి యుద్ధం ముగిసి మూడేళ్లు. సరుకు సైన్యానికి బదులు వంటింటి ఫ్రీజర్లకు చేరింది. ఒక డబ్బాకు మూడు డబ్బాల నీళ్లు కలిపితే పొద్దుటి రసం సిద్ధం. మన ఇళ్లలో ఫ్రీజర్ అంటే ఐసు ట్రేకే చాలదు. అందుకే ఆ గడ్డ మన కంట పడలేదు, కరిగాక అట్టపెట్టెలో వచ్చింది.

ఇక పోషకాల లెక్క. అప్పుడే పిండిన రసం 100 గ్రాముల్లో విటమిన్ సి సుమారు 50 మి.గ్రా. గడ్డకట్టిన కాన్సన్‌ట్రేట్‌కు మూడింతల నీళ్లు కలిపితే 30 నుంచి 40 మి.గ్రా. దాకా ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల చలిలో అది పెద్దగా తరగదు. తరిగేది ఆ తర్వాత, నీళ్లు కలిపి, మళ్లీ వేడిచేసి, నెలల తరబడి మామూలు గదిలో ఉంచినప్పుడు. అయినా హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మి.గ్రా. చాలంది. కాన్సన్‌ట్రేట్‌తో చేసిన ఒక గ్లాసు అందులో చాలా భాగం తీర్చగలదు. అక్కడికి దాన్ని తిట్టడానికేమీ లేదు. కానీ మన పెరటి జామకాయ 100 గ్రాముల్లో 200 మి.గ్రా. పైనే ఉంటుంది. జామకాయకు అట్టపెట్టె లేదు, అందుకే దానికి పరువూ లేదు!

తిట్టాల్సింది వేరే ఉంది. 200 మి.లీ. గ్లాసులో 17 గ్రాముల దాకా చక్కెర. అంటే నాలుగు చెంచాలు. ఒక్కటీ కలపకుండానే. ఒక పండు వలుచుకుని తింటే 12 గ్రాముల చక్కెర, దాంతో పాటు మూడు గ్రాముల పీచు వస్తుంది. రసంలో ఆ పీచు అర గ్రాము కూడా ఉండదు. పీచు లేని తీపి రక్తంలోకి తొందరగా దిగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పండ్ల రసాన్ని, కాన్సన్‌ట్రేట్‌ను కూడా విడి చక్కెరల లెక్కలోనే వేసింది. అవి రోజుకు 25 గ్రాములు దాటకపోతే ఇంకా మేలంది. షుగర్ ఉన్నవాళ్లకు 'ఇది పండే కదా' అని గ్లాసు అందించే చుట్టాలు ఈ ముక్క వినాలి. నేనూ ఆ చుట్టాన్నే.

పేర్ల దగ్గర ఇంకో తిరకాసు. నీళ్లు కలిపి తయారుచేసిన రసాన్ని 'వంద శాతం పండ్ల రసం' అని అమ్మొద్దని 2024 జూన్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. కిలోకు 15 గ్రాములకు మించి తీపి కలిపితే 'తీపి కలిపిన రసం' అని రాయాలి. అదే 'ఫ్రూట్ డ్రింక్' అయితే పది శాతం పండు రసం ఉంటే సరిపోతుంది. మిగతా తొంభై శాతంలో ఏముంటుందో శక్కర్‌నగర్ వాళ్లకు నేను చెప్పాలా?

ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నిజాంసాగర్ నీళ్ల కింద చెరుకు పండిన చాలా మళ్లలో ఇప్పుడు వరి. మామ ఆ ఊసు ఎత్తలేదు. సంత్ర వలిచాడు, కళ్లతో పనిలేకుండా, తొన తొనకూ ఈనెలు తీస్తూ. తొక్క విరిచినప్పుడల్లా సన్నటి తుంపర లేచి గదంతా ఘాటెక్కింది.

"గీ వాసన నీళ్లతోని పాటే ఆవిరైతది గద. మరి డబ్బలకెట్లొస్తది?"

ఆవిరిని చల్లబరిచి వాసనను విడిగా పట్టుకుంటారని, ఆఖర్లో మళ్లీ కలుపుతారని చెప్పాను.

మామ తొన నోట్లో వేసుకున్నాడు. "మేమెన్నడు పట్టుకోలే. గానుగ సీజన్ల బోధన్ మొత్తం పీల్చుకున్నది."