పొటమోఫైలాక్స్ కరోనావైరస్

పొటమోఫైలాక్స్ కరోనావైరస్ అనునది ట్రైకోప్టెరా క్రమమునకు, లిమ్నెఫిలిడే కుటుంబమునకు చెందిన ఒక కీటకము. ఈ క్రమమునకు చెందిన కీటకములను ఆంగ్లమున క్యాడిస్ ఫ్లై అందురు. ఐరోపా ఖండమున బాల్కన్ ద్వీపకల్పములోని కొసావోలో, ఎత్తైన పర్వతములలోని చల్లని సెలయేటిలో ఈ జాతి కనుగొనబడినది. హలిల్ ఇబ్రహీమి మరియు ఆయన సహచర శాస్త్రజ్ఞులు దీనిని కొత్త జాతిగా 2021 ఏప్రిల్ నెలలో బయోడైవర్సిటీ డేటా జర్నల్ అను పత్రికలో వర్ణించిరి. పేరు చూచి ఈ పురుగు వలన కోవిడ్ వ్యాధి వచ్చునని భయపడనక్కరలేదు. ఆ వైరస్‌తో దీనికి పేరులో తప్ప మరి యే సంబంధమును లేదు.

క్యాడిస్ ఈగలు

పేరులో ఈగ అని ఉన్నను ఇవి నిజమైన ఈగలు కావు. ఈగకు రెండు రెక్కలు, వీటికి నాలుగు. గ్రీకు భాషలో ట్రైకోస్ అనగా వెండ్రుక, ప్టెరాన్ అనగా రెక్క. రెక్కలపై సన్నని నూగు ఉండుటచే ఈ క్రమమునకు ట్రైకోప్టెరా అని పేరు వచ్చినది. సీతాకోకచిలుకలు, చిమ్మటలు వీటికి అతి సమీప బంధువులు. వాటి రెక్కలపై నూగునకు బదులు పొలుసులుండును. ప్రపంచములో ఇంతవరకు 16,000కు పైగా క్యాడిస్ జాతులు వర్ణింపబడినవి.

ఇంటి గోడలపై గుమ్మడి గింజవంటి బూడిదరంగు సంచిని ఈడ్చుకొనుచు ప్రాకు చిన్న పురుగును మనలో చాలామంది చూచియుందురు. అది ఒకవిధమైన చిమ్మట యొక్క లార్వా. దుమ్మును, ఇసుకను తన పట్టుతో అతికి ఆ సంచిని కట్టుకొనును. క్యాడిస్ లార్వా నీటి అడుగున చేయు పనియు ఇదే. నోటి వద్ద నుండి వచ్చు జిగురు పట్టుతో ఇసుక రేణువులను, చిన్న రాళ్ళను, పుల్లలను, ఆకు ముక్కలను కూర్చి గొట్టము వంటి గూడు నిర్మించుకొని, తలను కాళ్ళను మాత్రము వెలుపల ఉంచి, గూటితో సహా తిరుగును. ఒళ్ళు పెరిగిన కొలది గూటిని ముందువైపు పొడిగించును. అన్ని కుటుంబములును గూళ్ళు కట్టవు. కొన్ని వలలు పన్ని, ప్రవాహములో కొట్టుకొనివచ్చు ఆహారమును పట్టుకొనును. లిమ్నెఫిలిడే కుటుంబము మాత్రము గూళ్ళు కట్టుటలో పేరుపొందినది.

ఎదిగిన లార్వా గూటి చివరలను మూసి లోపల ప్యూపాగా మారును. ఆ దశ ముగియు వేళకు ప్యూపా తన దవడలతో గూటిని కోసికొని నీటిపైకి ఈదివచ్చును. అక్కడ చర్మమును విడిచి రెక్కల కీటకమగును. రెక్కలు వచ్చిన తరువాతి బ్రతుకు కొద్ది వారములు, కొన్ని జాతులలో కొద్ది నెలలు మాత్రమే. ఆయుష్షులో అధికభాగము నీటిలోనే గడచును గనుక నీరు చెడినచో ఈ పురుగునకు వేరొక దారి లేదు.

నివాసము

ఈ జాతి లభించినది డెచాన్ పట్టణ సమీపమునగల బ్యెష్కెట్ ఎ నెమునా పర్వతములలో. ఈ ఆల్బేనియన్ పేరునకు శాపగ్రస్త పర్వతములని అర్థము. వీటిలో కొసావో వైపున ఉన్న జెరవిత్సా శిఖరము ఎత్తు 2,656 మీటర్లు.

కొండ వాగులలోని క్యాడిస్ జాతులు పల్లపు నీటిలో ఏల బ్రదుకవన్నది ఆక్సిజన్ లెక్కను బట్టి తెలియును. సముద్రమట్టము వద్ద 5 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 12.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 30 డిగ్రీల నీటిలో అది సుమారు 7.5 మిల్లీగ్రాములే. ఎత్తునకు పోయిన కొలది గాలి ఒత్తిడి తగ్గుటచే మొదటి అంకె కొంత తగ్గును గాని, రాళ్ళపై దూకు నీరు నిరంతరము గాలిని కలుపుకొనుచునే యుండును. కొల్లేరు సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తుననే ఉన్న లోతులేని సరస్సు. వేసవిలో ఆ నీరు వేడెక్కును. అటువంటి సరస్సులలోను, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరు గోదావరి కాలువ వంటి మందగమన జలములలోను జీవించగల క్యాడిస్ తెగలు వేరే ఉన్నవి. కొండ వాగు జాతులకు ఆ ఓర్పు లేదు.

వీటిలో అనేక జాతులు దూరముగా ఎగురలేవు. రెండు లోయల నడుమ ఒక ఎత్తైన గట్టు అడ్డమున్నచో ఇటు పురుగు అటు పోజాలదు. వేల సంవత్సరములు ఇట్లు వేరుపడి యుండుటచే ఒక్కొక్క లోయలో ఒక్కొక్క జాతి ఏర్పడుచుండును. ఈ జాతియు అట్టి స్థానికమైనదే.

గుర్తింపు, నామకరణము

నమూనాలు కొన్ని సంవత్సరములకు పూర్వమే సేకరింపబడినవి. అవి కొత్త జాతికి చెందినవని 2020లో, కోవిడ్ వలన జనులు ఇండ్లకే పరిమితమైన కాలమున తేలినది. క్యాడిస్ ఈగలలో దగ్గరి జాతులు పైకి ఒకే తీరుగా కనబడును. అందుచే మగ కీటకపు జననాంగముల ఆకృతిని సూక్ష్మదర్శినితో పోల్చి చూతురు. ఈ జాతి విషయమున డి.ఎన్.ఎ. పరీక్ష కూడ తోడ్పడినది.

పొటమోఫైలాక్స్ అను ప్రజాతిని 1891లో స్వీడన్ దేశపు వాలెన్‌గ్రెన్ ఏర్పరచెను. గ్రీకు భాషలో పొటమోస్ అనగా నది, ఫైలాక్స్ అనగా కావలివాడు. కరోనావైరస్ అను జాతినామము పరిశోధన జరిగిన కాలమును సూచించుటయే గాక, కాలుష్యము, జలవిద్యుత్ నిర్మాణముల వలన కొసావో నదులలోని ప్రాణులు ఎవరికిని తెలియకుండ మరొక మహమ్మారి పాలగుచున్నవన్న శాస్త్రజ్ఞుల ఆవేదనను కూడ తెలుపును.

ముప్పు

ఈ పర్వతప్రాంతము 2012లో జాతీయ ఉద్యానవనముగా ప్రకటింపబడినది. అయినను డెచాన్ నదిపై జలవిద్యుత్ కేంద్రములు నిర్మింపబడినవి. కొండ నదులపై కట్టు ఇట్టి కేంద్రములలో నీటిని ఎగువనే గొట్టములలోనికి మళ్ళించి దిగువన యంత్రముల వద్ద విడుతురు. నడుమనున్న వాగు సన్నగిల్లును. తవ్వకముల వలన వచ్చు మట్టి రాళ్ళ సందులలో పేరుకొని లార్వాలకు తావు లేకుండ చేయును. ఒకే పర్వతశ్రేణికి పరిమితమైన జాతికి ఇది చిన్న నష్టము కాదు. వర్ణించిన నాటికే ఈ జాతికి ముప్పు ఉన్నదని శాస్త్రజ్ఞులు ఆ వ్యాసముననే వ్రాసిరి.

కొల్లేరు 1999లో అభయారణ్యముగాను, 2002లో రామ్‌సర్ స్థలముగాను గుర్తింపు పొందుటకు అక్కడి పక్షులు ముఖ్య కారణము. పక్షులు దూరమునుండి కూడ కంటికి కనబడును. రాతి క్రింది పురుగునకు అట్టి సదుపాయము లేదు.

భారతదేశములో

నీటి నాణ్యతను పరీక్షించువారు వాగు అడుగున క్యాడిస్ లార్వాలు ఎన్ని, ఏ కుటుంబములవి అని లెక్కించుట పరిపాటి. రసాయనిక పరీక్ష ఆనాటి నీటిని గురించి మాత్రమే చెప్పును. పురుగులు గడచిన నెలల స్థితిని కూడ తెలుపును.

భారతదేశపు క్యాడిస్ ఈగలపై మార్టిన్ మోస్లీ 1930, 1940 దశకములలో వ్యాసపరంపర వెలువరించెను. పిమ్మట ఫెర్నాండ్ ష్మిడ్ హిమాలయములలో విస్తృతముగా సేకరణ జరిపి వందలాది కొత్త జాతులను వర్ణించెను. నేడు మన దేశమున తెలిసిన జాతులు వెయ్యికి పైబడియున్నవి. వాటిలో అనేకము మొదట దొరికిన ఆ ఒక్క చోటు నుండియే నేటికిని తెలియుచున్నవి.