లిఫీ పుట్టింటికి ఒక రోజు

ఆ వేసవిలో మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చారు. మా ఫ్లాటు డాక్‌ల్యాండ్స్‌లో, లిఫీ ఒడ్డునే. వచ్చిన మూడోరోజు బాల్కనీలో నిలబడి, "ఏమ్మా, ఈ ఏరు పొద్దున అటు పారింది, ఇప్పుడు ఇటు పారుతోందేమిటి?" అన్నారు. సముద్రం పక్కనే కదా అత్తయ్యా, పోటు వచ్చినప్పుడు నీళ్లు వెనక్కి తోసుకొస్తాయని చెప్పాను.

"సరే, మరి ఇది పుట్టిందెక్కడ?"

నేను మావారి వంక చూశాను. ఆయన నా వంక చూశారు. ఎనిమిదేళ్లుగా ఈ ఒడ్డునే కాపురం. ఇద్దరికీ తెలియదు!

"గోదావరి త్ర్యంబకంలో పుట్టిందని మా వీధిలో ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు" అన్నారావిడ. మా అబ్బాయి అక్కడే ఉన్నాడు. ఆ మాట కాస్త గుచ్చుకుంది.

మ్యాపు తీసి చూస్తే తేలింది. లిఫీ పుట్టింది విక్లో కొండల్లో, కిప్పూర్, టోండఫ్ అనే రెండు శిఖరాల మధ్య. ఆ కొండల్లో 20,000 హెక్టార్లకు పైగా 1991లో ఏర్పడిన విక్లో మౌంటెన్స్ నేషనల్ పార్కులో ఉన్నాయి. ఇంకేం, శనివారం పులిహోర, పెరుగన్నం కట్టుకుని కారెక్కాం.

రాత్‌ఫార్నం దాటాక కొండెక్కే రోడ్డును మిలిటరీ రోడ్ అంటారు. 1798 తిరుగుబాటు తర్వాత, కొండల్లో దాగినవాళ్లను పట్టుకోవడానికి సైన్యం కోసం ఇంగ్లీషువాళ్లు వేయించిన రోడ్డది. శాలీ గ్యాప్ కూడలికి కాస్త ముందు ఓ చిన్న వంతెన వస్తుంది. అదే లిఫీ హెడ్ బ్రిడ్జి. కింద సన్నటి వాగు.

"ఇదా మన ఇంటి ముందున్న ఏరు! కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దాటెయ్యొచ్చు" అని నవ్వారు అత్తయ్య. నీళ్లు అచ్చం కాఫీ డికాషన్ రంగు. చుట్టూ ఉన్నది పీట్ నేల. వేల ఏళ్లుగా నాచు, గడ్డి నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోతే అయిన మట్టి అది. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. వాననీటిని స్పాంజిలా పీల్చుకుని మెల్లగా వదులుతుంది. డబ్లిన్ కుళాయిల్లో వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం లిఫీవే. అంటే రోజూ మనం అన్నం వండుకునే నీళ్లకు మూలం ఈ బురదనేలే!

అత్తయ్య చేతిసంచిలోంచి పసుపు కుంకుమల పొట్లం తీశారు. నా గుండె గుభేలుమంది. ఇది కాపాడుకొస్తున్న నేల, ఇందులో ఏదీ కలపకూడదు అన్నాను. నిజం చెప్పొద్దూ, అక్కడ ఆగిన సైకిళ్లవాళ్లు ఏమనుకుంటారోనన్న బెరుకు కూడా ఉంది. ఆవిడ ఒక్క క్షణం నా ముఖం చూసి పొట్లం మడిచేశారు. మనవడి చెయ్యి పట్టుకుని మెల్లగా దిగి, రెండు చుక్కలు నెత్తిన చల్లుకుని దణ్ణం పెట్టుకున్నారు. వాడూ పెట్టాడు.

అక్కడినుంచి లారా మీదుగా గ్లెండలాక్ దిగాం. ఐరిష్ భాషలో ఆ పేరుకు రెండు సరస్సుల లోయ అని అర్థం. ఆరో శతాబ్దంలో సెయింట్ కెవిన్ అక్కడ మఠం స్థాపించాడు. సుమారు 30 మీటర్ల గుండ్రటి రాతి గోపురం ఇప్పటికీ నిలిచే ఉంది. ఆయన చేతులు చాచి ప్రార్థన చేస్తుంటే ఓ పిట్ట అరచేతిలో గుడ్డు పెట్టిందట. అది పిల్ల అయ్యేదాకా ఆయన చెయ్యి కదపలేదట. "మన శిబి చక్రవర్తి లాంటివాడే" అన్నారు అత్తయ్య. పై సరస్సు ఒడ్డున గడ్డిమీద కూర్చుని పులిహోర తిన్నాం.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. సెలవురోజుల్లో పార్కింగు త్వరగా నిండిపోతుంది, పెందలాడే బయలుదేరండి. ఎండ చూసి మోసపోకుండా వానకోట్లు పట్టుకెళ్లండి. పై సరస్సు లోతైనది, బాగా చల్లనిది, పిల్లల్ని దిగనివ్వకండి. మీ చెత్త మీరే వెనక్కి తెచ్చుకోండి.

తిరుగుదారిలో మావారు ఓ సంగతి చెప్పారు. లిఫీ పుట్టినచోటు నుంచి డబ్లిన్ 20 కిలోమీటర్ల దూరమే. కానీ ఆ ఏరు పడమరకు తిరిగి, కిల్డేర్ అంతా చుట్టి, సుమారు 130 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికొస్తుంది. "గోదావరీ అంతేగా!" అన్నారు అత్తయ్య. "పడమటి సముద్రం పక్కనే పుట్టి, దాన్ని వదిలేసి, ఎంతో దూరం తిరిగి మా ఊరికొచ్చింది."

అత్తయ్య వెళ్లిపోయి చాలా రోజులైంది. మొన్న ఊరినుంచి వచ్చిన స్నేహితులకు మా అబ్బాయి బాల్కనీలోంచి ఏరు చూపించి, అది ఎక్కడ పుట్టిందో, ఎటు తిరిగి వచ్చిందో వాడే చెప్పాడు. నేను పక్కన నిలబడి విన్నాను.

ఈ పండక్కి మీ పిల్లల్నీ ఒకసారి అడిగి చూడండి. తెలియకపోతే మరీ మంచిది, పులిహోర కలుపుకుని బయలుదేరండి.