చెట్టు పోయిన చోటే మొక్క అడగండి

విశాఖపట్నంలో పాత కాలనీల్లో దారి అడిగితే "ఆ తురాయి చెట్టు దగ్గర ఎడమకు తిరగండి" అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తీరా వెళ్తే అక్కడ చెట్టు ఉండదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆరోజు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చిన హుద్‌హుద్ గాలికి కైలాసగిరి, జూపార్కు, ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణతో పాటు మా వీధుల్లోని చెట్లూ కూలిపోయాయి. మిగిలిన కొన్నింటినీ ఆ తర్వాత డ్రైన్లు, కేబుల్ తవ్వకాలు, రోడ్డు పనులు తినేశాయి.

మళ్లీ మొక్కలు నాటలేదా అంటే, నాటారు. కొండల మీద, పార్కుల్లో, ఖాళీ స్థలాల్లో లక్షల లెక్కన నాటారు. మంచిదే. కానీ కొండ మీది మొక్క మా వీధికి నీడ ఇవ్వదు కదా! మా మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయన మాట వినండి: "చెట్టున్నప్పుడు సాయంత్రందాకా ఇక్కడే ఉండేవోణ్ణి బాబూ. ఇప్పుడు పది దాటితే నిలబడలేకపోతన్నాను." చెట్టుతో పాటు ఆయనకు సగం రోజు పని పోయింది.

సిమెంటు కింద గోతులు

మా కాలనీ వాళ్లం "మొక్కలు నాటండి" అని ఇచ్చిన మొదటి అర్జీకి "ఈ ఏడాది లక్ష్యం పూర్తయింది" అని జవాబొచ్చింది. అంతే. రెండోసారి ఒక ఆదివారం పొద్దున్న పదిమందిమి నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాం. చెట్టు పోయిన చోటల్లా ఫొటో తీసి, పక్కనున్న కరెంటు స్తంభం నెంబరు రాశాం. మూడు వీధుల్లో 31 చోట్లు తేలాయి. వాటిలో సగానికి పైగా సిమెంటు పోసి మూసేసినవే. ఆ జాబితా పట్టుకెళ్లి ముందు పెడితే "లక్ష్యం పూర్తయింది" అనడానికి వీల్లేకపోయింది.

అందరూ ఒప్పుకున్నారని కాదు. షాపు బోర్డు కనబడదని ఒకాయన, కారు పెట్టుకోవడానికి చోటుండదని ఇంకొకాయన అడ్డుచెప్పారు. "మళ్లీ తుపానొస్తే మా ఇంటి మీద పడదా?" అని ఒకావిడ అడిగారు. ఆవిడ భయం నిజమైనదే. ప్రహరీ కూలడం కళ్లారా చూసిన మనిషి. అయితే కాండం దాకా సిమెంటు బిగించి, కాలువ కోసం ఒకవైపు వేళ్లు నరికిన చెట్టు గాలికి ఎలా ఆగుతుంది? చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఢిల్లీ అధికారులను ఆదేశించింది. ఆ ఒక్క మీటరు మట్టినే మేమూ అడిగాం.

ఏ మొక్క?

ఇది మరీ ముఖ్యం. హుద్‌హుద్ తర్వాత నగరంలో ఏడాకులపాల విరివిగా నాటారు. తొందరగా ఎదుగుతుంది, పశువులు ముట్టవు. కానీ వానలు వెనకబట్టాక అది పూసిందంటే ఆ ఘాటుకు ఉబ్బసం ఉన్నవాళ్లు ఊపిరాడటం లేదంటారు. దాంతో పోయిన చెట్టుకు బదులుగా వచ్చిన చెట్టునే కొట్టేయమని జనం అర్జీలు పెట్టే పరిస్థితి వచ్చింది! అందుకే తీగలు లేని వైపు వేప, కానుగ, పొగడ అడిగాం. తీగల కింద పారిజాతం, దేవగన్నేరు లాంటి చిన్నవి చాలు. పెద్ద చెట్టు వేస్తే ఏటా లైన్‌మన్ వచ్చి తల నరికి పోతాడు.

మీరూ అడగాలంటే

చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. మీ వీధిలో గొడ్డలి పడితే ముందు ఆ కాగితం చూపించమనండి. పోయిన చెట్లకు స్తంభం నెంబర్లతో జాబితా తయారుచేయండి. సమాచార హక్కు కింద "ఎన్ని నాటారు" అని కాదు, "ఎన్ని బతికాయి" అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

నాటించుకున్నాక పని అయిపోదు. ఆరడుగుల మొక్క, దానికి కంచె, కనీసం మూడు వేసవులు నీళ్లు కావాలి. ఎండల్లో వారానికి రెండు మూడుసార్లు ఒక బకెట్టు పోసి, మొదట్లో ఎండుటాకులు కప్పితే తడి నిలుస్తుంది.

మా 31 చోట్లలో ఇప్పటికి 14 చోట్ల సిమెంటు పగలగొట్టి మొక్కలు పెట్టారు. రెండు ఆవుల పాలయ్యాయి, ఒకటి బైకు గుద్ది విరిగింది. మిగతా పదకొండూ చిగురేస్తున్నాయి. ఇస్త్రీ బండి దగ్గరి కానుగకు నీళ్లు ఆ పెద్దాయనే పోస్తున్నాడు. మిగిలిన 17 చోట్ల కోసం వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాం.