కొత్త గ్రాఫిక్స్ కార్డు అమర్చాక కంప్యూటరు మొదలుకాకపోతే

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఏ పని తరువాత ఏ పని జరుగుతుందో చెప్పగలుగుతారు.
• కనిపించే గుర్తులను బట్టి లోపం ఎక్కడుందో ఊహించగలుగుతారు.
• పాత పవర్ సప్లై కొత్త కార్డుకు సరిపోతుందో లేదో లెక్క కట్టగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వెళ్లిన కుటుంబాలు అనేకం అక్కడే స్థిరపడ్డాయి. అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. క్వార్టరులో ఒక పాత కంప్యూటరు ఉంది. ఇంట్లోని అమ్మాయి దానిమీద ఇంజనీరింగు డ్రాయింగు నేర్చుకుంటోంది. బొమ్మలు తెరమీద నెమ్మదిగా కదులుతున్నాయని, అన్నయ్య కొన్ని నెలలు డబ్బు కూడబెట్టి ఒక గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. పాత కార్డు తీసి కొత్తది అమర్చి మీట నొక్కాడు. లోపలి ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం వెలగలేదు. తెలిసినవారిని అడిగితే, "మదర్‌బోర్డు పోయి ఉంటుంది, మార్చాల్సిందే తమ్ముడూ" అన్నారు.

మదర్‌బోర్డు మార్చడమంటే మళ్లీ వేల రూపాయల ఖర్చు. ఆ మాట నమ్మే ముందు ఒక్క విషయం ఆలోచించండి. నిన్నటివరకు ఈ కంప్యూటరు చక్కగా పనిచేసింది. ఈ రోజు మారినది కార్డు ఒక్కటే. కాబట్టి కార్డుతో, కార్డును పెట్టేటప్పుడు మన చేయి తగిలిన భాగాలతో వెతకడం మొదలుపెట్టాలి. ఈ పాఠమంతటికీ ఆధారం ఈ సూత్రమే.

2. మీట నొక్కగానే ఏమి జరుగుతుంది?

మొదట పవర్ సప్లై ఇంటి కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి భాగాలకు అందిస్తుంది. తరువాత మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉన్న బయోస్ అనే ప్రోగ్రాము మేలుకొంటుంది. అది ప్రాసెసర్‌ను, మెమరీని, గ్రాఫిక్స్ కార్డును వరుసగా పరీక్షిస్తుంది. ఈ పరీక్షను పోస్ట్ అంటారు. అన్నీ సరిగా ఉంటే తెరమీద కంపెనీ గుర్తు కనబడుతుంది. ఆ తరువాతే విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు నుండి వస్తుంది.

ఈ వరుస తెలిస్తే సగం పని అయినట్లే. బండి ఏ స్టేషను దాటి ఆగిందో తెలిస్తే పట్టా ఎక్కడ చెడిందో తెలిసినట్లు, కంప్యూటరు ఏ దశలో ఆగిందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

3. గుర్తులను చదవడం

(అ) అసలు కదలిక లేదు, లేదా ఫ్యాన్లు ఒక్క క్షణం తిరిగి ఆగిపోయాయి. ఇది కరెంటుకు సంబంధించిన లోపం.

(ఆ) ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. కార్డు సరిగా కూర్చోలేదు, లేదా దానికి కరెంటు అందలేదు, లేదా బయోస్ దానిని గుర్తించలేదు. కొన్ని మదర్‌బోర్డులలో ఈ సమయంలో బీప్ శబ్దాలు వస్తాయి. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి శబ్దాలు వస్తే గ్రాఫిక్స్ లోపమని అర్థం. కొత్త బోర్డులు చాలావాటిలో శబ్దాలకు బదులు చిన్న దీపాలు ఉంటాయి. వీజీఏ అని రాసి ఉన్న దీపం వెలుగుతూ ఉండిపోతే కార్డును పరీక్షించాలి.

(ఇ) కంపెనీ గుర్తు కనబడింది, విండోస్ వచ్చేసరికి తెర నల్లబడింది. పోస్ట్ పూర్తయింది కనుక కార్డు కొంతవరకు పనిచేస్తున్నట్లే. ఎక్కువగా ఇది డ్రైవర్ లోపం. కంప్యూటరును సేఫ్ మోడ్‌లో తెరిచి, పాత డ్రైవర్‌ను తొలగించి, కొత్త కార్డు కంపెనీ ఇచ్చే డ్రైవర్‌ను వేయాలి.

4. వరుసగా చేయవలసిన పరీక్షలు

కర్మాగారంలో యంత్రం మీద చేయి వేసే ముందు దాని కరెంటు తీసివేసి, "మనుషులు పనిలో ఉన్నారు" అనే పలక తగిలిస్తారు. ఇంట్లోనూ అదే జాగ్రత్త అవసరం. కంప్యూటరు ఆపి, గోడ ప్లగ్గు ఊడదీయండి. మీటను పది సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది. పెట్టె ఇనుప భాగాన్ని చేతితో తాకిన తరువాతే కార్డును ముట్టుకోండి. మన ఒంటిమీది స్థిరవిద్యుత్తు చిప్‌లను పాడుచేయగలదు.

మొదటి పరీక్ష: మానిటరు తీగ ఎక్కడ ఉంది? చాలామంది తీగను పాత అలవాటు ప్రకారం మదర్‌బోర్డు వెనుకనున్న రంధ్రానికే తగిలిస్తారు. కొత్త కార్డుకు ఉన్న రంధ్రానికి తగిలించాలి. మానిటరులో కూడా సరైన ఇన్‌పుట్ ఎన్నుకోవాలి.

రెండవ పరీక్ష: కార్డు స్లాటులో పూర్తిగా కూర్చుందా? కార్డు తీసి, స్లాటులో దుమ్ము ఉంటే మెత్తని పొడి బ్రష్షుతో తుడవండి. మళ్లీ పెట్టి, చివర ఉన్న కొక్కెం పడిన చప్పుడు వినబడేవరకు రెండువైపులా సమానంగా నొక్కండి. తరువాత స్క్రూ బిగించండి. కార్డు పెట్టేటప్పుడు పక్కనున్న మెమరీ కదిలి ఉండవచ్చు, దానినీ నొక్కి చూడండి.

మూడవ పరీక్ష: కార్డుకు విడిగా కరెంటు తీగ పెట్టారా? కార్డు అంచున 6 లేదా 8 సూదుల రంధ్రం ఉంటే దానికి పవర్ సప్లై నుండి వచ్చే పీసీఐఈ తీగను తగిలించాలి. ప్రాసెసర్‌కు వెళ్లే 8 సూదుల తీగ చూడడానికి ఇలాగే ఉంటుంది, కాని అది వేరు. దానిని బలవంతంగా ఇక్కడ దూర్చకూడదు. ఒక పవర్ సప్లైకి చెందిన ఊడదీసే తీగలను ఇంకొక పవర్ సప్లైకి వాడకూడదు. లోపలి అమరిక వేరుగా ఉండి, కార్డు కాలిపోయే ప్రమాదం ఉంది.

నాల్గవ పరీక్ష: పాత కార్డును తిరిగి పెట్టి చూడండి. అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇది. పాత కార్డుతో కంప్యూటరు మొదలైతే మదర్‌బోర్డు, ప్రాసెసర్, మెమరీ బాగున్నట్లే. పాత కార్డు లేకపోతే, కొత్తది తీసివేసి మదర్‌బోర్డు మీది రంధ్రంతో చూడండి. అయితే ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. అప్పుడు ఆ రంధ్రం నుండి బొమ్మ రాదు. దానిని చూసి మదర్‌బోర్డు పోయిందనుకోకండి.

ఐదవ పరీక్ష: పాత కార్డుతో మొదలైన కంప్యూటరులోనే బయోస్ అమరికలు చూడండి. చాలా పాత కార్డులకు సీఎస్ఎం అనే అమరిక తెరిచి ఉంటేనే బొమ్మ వస్తుంది. పాత బోర్డులో కొత్త కార్డు పెడితే బయోస్‌కు కొత్త రూపం వేయవలసి రావచ్చు. అది వేస్తున్నప్పుడు కరెంటు పోకూడదు. మధ్యలో ఆగితే బోర్డు అసలు మేలుకోకపోవచ్చు. విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే, అమరికలు మార్చే ముందు దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.

గుర్తుంచుకోండి: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే, దేనివల్ల బాగుపడిందో తెలియదు.

5. కరెంటు లెక్క

గ్రాఫిక్స్ కార్డుకు స్లాటు ద్వారా 75 వాట్లవరకు అందుతుంది. 6 సూదుల తీగ మరో 75 వాట్లు, 8 సూదుల తీగ 150 వాట్లు ఇవ్వగలవు. మన ఉదాహరణలోని కార్డు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 అనుకుందాం. దానికి కావలసినది 170 వాట్లు. స్లాటు, ఒక 8 సూదుల తీగ కలిపి 225 వాట్లు ఇస్తాయి కనుక తీగలు చాలు. మరి పవర్ సప్లై చాలుతుందా?

పాత పవర్ సప్లై మీద 300 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. కార్డు, ప్రాసెసర్ రెండూ ముఖ్యంగా 12 వోల్టుల లైను నుండే కరెంటు తీసుకుంటాయి. కాబట్టి లేబుల్ మీద ఆ లైను ఎదుట ఉన్న ఆంపియర్లను చూడాలి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉందనుకోండి.

12 వోల్టులు × 16 ఆంపియర్లు = 192 వాట్లు
కార్డు 170 + ప్రాసెసర్ 65 = 235 వాట్లు

కావలసినది 235, దొరికేది 192. తేడా 43 వాట్లు. 300 అనే అంకె చూసి సరిపోతుందనుకోవడం ఎంత పొరపాటో గమనించారు కదా. పైగా కార్డు కొన్ని క్షణాల్లో తన లెక్కకన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే ఆ కార్డుకు 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని కంపెనీ సూచించింది. భిలాయిలో వేసవి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. వేడిలో పవర్ సప్లై మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది కనుక లెక్కకు సరిగ్గా సరిపోయేది కాక, కొంత ఎక్కువదే తీసుకోవాలి.

పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉండవచ్చు.

6. ఆ ఇంట్లో ఏమి తేలింది?

పాత కార్డు పెట్టగానే కంప్యూటరు మొదలైంది. అంటే మదర్‌బోర్డు పోలేదు. లేబుల్ లెక్క చూస్తే కరెంటు చాలదని తేలింది. వారు మార్చవలసినది పవర్ సప్లైని మాత్రమే. అమ్మాయి పాఠాలు అంతవరకు పాత కార్డుతోనే సాగుతాయి. చాలినంత కరెంటు ఉన్న మరొక కంప్యూటరులో కూడా కొత్త కార్డు పనిచేయకపోతే, అప్పుడు లోపం కార్డుదే. గడువు దాటకముందే బిల్లుతో దుకాణానికి తీసుకువెళ్లాలి. అందుకే బిల్లును, అట్టపెట్టెను పారవేయకూడదు.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. కంపెనీ గుర్తు కనబడిన తరువాత తెర నల్లబడితే మొదట దేనిని అనుమానించాలి?
2. 12 వోల్టుల లైను 30 ఆంపియర్లు ఇస్తే ఎన్ని వాట్లు అవుతాయి?
3. పాత కార్డును తిరిగి పెట్టి చూడడంవల్ల ఏమి తెలుస్తుంది?

జవాబులు: 1. డ్రైవర్‌ను. 2. 360 వాట్లు. 3. మిగిలిన భాగాలు బాగున్నాయో లేదో తెలుస్తుంది.

మీరు చేయండి

మీ ఇంట్లోగాని, చదువుకునే కేంద్రంలోగాని ఉన్న కంప్యూటరు పవర్ సప్లై లేబుల్‌ను చూడండి. 12 వోల్టుల లైను ఎదుట ఉన్న ఆంపియర్లను నోటు పుస్తకంలో రాసుకుని వాట్లు లెక్క కట్టండి. కార్డు కొన్న తరువాత వేసే లెక్కకన్నా, కొనే ముందు వేసిన లెక్క డబ్బు కాపాడుతుంది.