చేతిగడియారపు అద్దముపై గీతలు

గత వేసవి సెలవులకు కొన్నాళ్లు ముందు మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన తండ్రిని వెంటబెట్టుకొని ఉపాధ్యాయుల గదికి వచ్చెను. ఆయన చేతిరుమాలు విప్పి పాత హెచ్.ఎం.టి. గడియారము నొకదానిని బల్లపై నుంచెను. కీ ఇచ్చిన అది చక్కగా నడచుచున్నది. కాని అద్దము నిండ గీతలు పడి పొగ క్రమ్మినట్లుండెను; ఎండలోనికి పట్టుకొని పోయిన ముండ్లు కనబడుట లేదు. "ఇది మా నాయనది సార్. అంగట్లో కొత్తద్దం ఏస్తామన్నారు. మా నాయన చూసుకున్న అద్దం కదా, తీసేసేదానికి మనసు రాలేదు" అని ఆయన చెప్పెను. మా హోసూరు ప్రాంతమున ఇట్టి గడియారములు ఇంకను అనేక గృహములలో నున్నవి. కావున ఆయనతో చెప్పిన సంగతులను విద్యార్థుల కొరకును, తల్లిదండ్రుల కొరకును ఇచట వ్రాయుచున్నాము.

మొదట తెలిసికొనవలసిన దేమనగా, గీత అద్దమునకు అంటుకొన్న మురికి కాదు. అద్దములో కొంత భాగము చెక్కుకొనిపోగా ఏర్పడిన సన్నని కాలువ అది. పోయిన పదార్థమును మరల అతుకుట మన వలన కాదు. చుట్టునున్న భాగమును ఆ కాలువ అడుగు వరకు అరగదీసి తలమును సమము చేయుటయే "గీత పోగొట్టుట" యని పిలువబడుచున్నది. గీత తెల్లగా కనబడుటకు కారణము కాలువ గోడల గరుకుదనము. అచట వెలుతురు సూటిగా లోనికి పోక నలువైపులకు చెదరిపోవును. గీతలు పడిన ప్లాస్టిక్ అద్దముపై ఒక చుక్క కొబ్బరినూనె రాచి చూడుడు. గీతలు మాయమైనట్లు తోచును. ప్లాస్టిక్ అద్దమునకు కాంతిని వంచు గుణము 1.49, కొబ్బరినూనెకు 1.45. ఈ రెండును దగ్గరి అంకెలగుటచే నూనె నిండిన కాలువ మన కంటికి ఆనదు. నూనె తుడిచిన వెంటనే గీతలు మరల ప్రత్యక్షమగును. పాత గడియారములు కొనువారు ఒకసారి గుడ్డతో తుడిచి చూచుట మంచిది!

ఇక అద్దము దేనితో చేయబడినదో నిర్ణయింపవలెను. చేతిగడియారములలో మూడు రకముల అద్దములు వాడుకలో నున్నవి. మొదటిది అక్రిలిక్ అను ప్లాస్టిక్. 1961లో బెంగుళూరున జపాను దేశపు సిటిజన్ సంస్థ సహాయముతో హెచ్.ఎం.టి. గడియారముల తయారీ ప్రారంభమయ్యెను. హెచ్.ఎం.టి. గడియారముల సంస్థ మూసివేతకు 2016లో కేంద్రప్రభుత్వము అంగీకరించినది. ఈ మధ్యకాలమున వెలువడిన కీ గడియారములలో చాలవానికి ఈ ప్లాస్టిక్ అద్దమే కలదు. రెండవది సాధారణమైన గాజు. మూడవది కృత్రిమ నీలము. గోటితో మెల్లగా తట్టిన ప్లాస్టిక్ మొద్దుగా పలుకును, చెంపకు ఆనించిన అంత చల్లగా నుండదు. గాజును, నీలమును ఖంగుమని పలుకును, చల్లగా తగులును.

1812లో జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ ఖనిజముల గట్టిదనమునకు పది మెట్ల కొలత నేర్పరచెను. పై మెట్టునందలిది క్రింది మెట్టుదానిని గీయగలదు. వజ్రము పదవ మెట్టు, తొమ్మిదవది కురువిందము. ఈ కొలతపై మన గోరు సుమారు 2.5, అక్రిలిక్ దాదాపు 3, గాజు 5.5. వీధి దుమ్ములోని ఇసుకరేణువులు 7. దుమ్ము పడిన అద్దమును పంచె చెరగుతో అదిమి తుడిచినప్పుడు గీయుచున్నది చెరగు కాదు, దానిక్రింద నలుగు ఇసుక! కెంపును, నీలమును కురువిందపు జాతివే. ఆంగ్లములో దీనికి గల "కొరండం" అను పేరు తెలుగు "కురువిందము", తమిళ "కురుందము" అను మాటల నుండి వెడలినదే. ఇరుగుపొరుగు భాషల మధ్య పెరుగు మా పిల్లలకు ఈ సంగతి ముచ్చట గొలుపును.

పని చెప్పుటకు ముందు మేము చేసిన తప్పొకటి చెప్పవలసియున్నది. మా తండ్రిగారు కాలము చేసిన పిమ్మట వారి గడియారము మాకు వచ్చెను. దాని అద్దమును మెరిపింపవలెనని తలచి, గోళ్ల రంగు తుడుచు ద్రవమును దూదితో పట్టించితిమి. ఆ ద్రవములోని అసిటోను ప్లాస్టిక్‌ను కరగించునని అప్పుడు మాకు తోచలేదు. నిముషములో అద్దము సాలెగూడు వలె పగుళ్లు చూపి పాలవలె తెల్లబడెను. క్రొత్త అద్దము కొద్దిపాటి ధరకే దొరకినది, గడియారము నేటికిని నడచుచున్నది. కాని వారు ముప్పది యేండ్లు చూచిన అద్దము పోయినది. కావున అసిటోను, పెట్రోలు, థిన్నరు, స్పిరిటు ఇవి ప్లాస్టిక్ అద్దము దరికి రానీయకుడు.

ప్లాస్టిక్ అద్దమైనచో కావలసినవి తెల్లని టూత్‌పేస్టు, మెత్తని పాత నూలుగుడ్డ, అంటించు టేపు. పేస్టులో సన్నని సుద్దపొడి గాని, సిలికా గాని ఉండును. పని చేయునది అదియే. నిగనిగలాడు జెల్లు రకము కంటె తెల్లని ముద్ద నమ్మదగినది. ముందుగా దుమ్ము ఊది, తడిగుడ్డతో ఒత్తకుండ తుడువవలెను. కీని లోనికి నొక్కి, అద్దము చుట్టునున్న లోహపు అంచుపైనను, కీ పైనను టేపు అంటింపవలెను. పాత గడియారములోనికి చెమ్మ ఇట్టే దూరును; కుళాయి క్రింద పట్టుట కూడదు. కందిగింజంత పేస్టు వేసి, గుడ్డ వ్రేలికి చుట్టుకొని, తేలికగా సున్నలు చుట్టుచు రెండు మూడు నిముషములు రుద్దుడు. తుడిచి, వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూచి, మరల రుద్దుడు. సన్నని గీతలకు పది పదునైదు నిముషములు చాలును. తొందరపడి బలముగా రుద్దినచో వేడి పుట్టి ప్లాస్టిక్ మెత్తబడి మరకలు కట్టును.

గోరు తగులునంత లోతైన గీతకు పేస్టు చాలదు. 1500 సంఖ్యగల వాటరు పేపరును కొంచెము తడిపి మొదట ఒకే దిశగను, తరువాత 2000 సంఖ్య కాగితముతో దానికి అడ్డముగను రుద్దవలెను. అద్దమంతయు మసకబారి భయము గొలుపును. బెదరక పేస్టుతో ముగించిన మరల తేటపడును. బీట వారిన అద్దమునకు ఇది చికిత్స కాదు.

గాజుపై టూత్‌పేస్టు ఎంత రుద్దినను శ్రమయే మిగులును. దానికి సీరియం ఆక్సైడు అను పొడి వాడుదురు. సీరియం మోనజైటు ఖనిజమున నుండును. తెలుగువారు తరతరములుగా నివసించు గంజాం జిల్లాలో, ఛత్రపురము సముద్రతీరపు ఇసుకలో ఈ మోనజైటు కలదు. అయినను ఆ పొడితో చేతిపనిగా గంటల కొలది రుద్దవలెను. గాజు అద్దము మార్పించుటయే సులువు. కెంపులను కృత్రిమముగా చేయు పద్ధతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ వెర్నూయి 1902లో ప్రకటించెను. రంగులేని నీలపు అద్దములకు మూలము అట్టి కృషియే. వానిని అరగదీయుటకు వజ్రపుపొడి వంటి మిక్కిలి గట్టి పదార్థము కావలెను. పైగా కొన్నిటిపై వెలుతురు తళుకును తగ్గించు పలుచని పూత ఉండును; రుద్దిన పూత పోయి మచ్చలు పడును. ఇట్టి వానిని ఇంటిలో ముట్టకుండుట మేలు.

ఆనాటి గడియారము ప్లాస్టిక్ అద్దముదే. పిల్లవాడే మా యెదుట కూర్చుండి రుద్దెను. ఇరువది నిముషములలో పొగ వీడి అంకెలు బయటపడినవి. నాలుగవ అంకె మీద మాత్రము ఒక లోతైన గీత మిగిలెను. బావిలో పూడిక తీయునపుడు తాతకు రాయి తగిలి పడినదట. వాటరు పేపరు తెచ్చి దానిని కూడ తీయింతుమా యని యడిగితిమి. "వద్దు సార్, టైము తెలుస్తా ఉండాది కదా" అని ఆ తండ్రి గడియారమును తీసికొని కుమారుని చేతికి కట్టెను. పట్టీ వదులైనది. రంధ్రము వేయించుటకు వారిద్దరును అంగడివైపు వెడలిరి.