సగం మగ్గాలు సగం బట్ట నేస్తాయా?

దేశంలో విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటి శిలాజ ఇంధనాలు కాని వనరులదేనని 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 2030 నాటి లక్ష్యాన్ని ఐదేళ్ల ముందే చేరుకున్నాం. మంచి వార్తే. అయితే తరగతిలో ఈ మాట చెబితే పిల్లలకు వెంటనే ఒక సందేహం వస్తుంది: మరి మన దక్షిణ సోలాపూర్ తాలూకాలోని 1,320 మెగావాట్ల ఎన్‌టీపీసీ కేంద్రం ఇంకా బొగ్గు ఎందుకు కాలుస్తోంది?

పాఠ్యపుస్తకంలోని బొమ్మ కదలదు. అందుకే మేము ‘అవర్ వరల్డ్ ఇన్ డేటా’ వెబ్‌సైటులోని గ్రాఫును తెర మీద చూపిస్తాం. ఇంటర్నెట్ ఉన్న ఒక ఫోను, ఒక ప్రొజెక్టరు చాలు, రుసుము లేదు. దేశాన్ని మనమే ఎంచుకోవచ్చు, వేలితో జరిపితే సంవత్సరాలు మారతాయి. జరిపే ముందు ‘ఏ రంగు పెరుగుతుంది?’ అని పిల్లల చేత ఊహింపజేయాలి. భారత్‌ను ఎంచుకుంటే 2000లో సౌరవిద్యుత్ కంటికి ఆనదు. క్రమంగా పొర మందమవుతుంది. అయినా ఉత్పత్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇప్పటికీ బొగ్గుదే. బ్రిటన్‌కు మారిస్తే బొగ్గు పొర తరిగిపోతూ మాయమవుతుంది. అక్కడి ఆఖరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న మూతపడింది.

సామర్థ్యంలో సగం, ఉత్పత్తిలో పావు. ఈ తేడా మన పేటల పిల్లలకు మగ్గంతో చెబితే ఇట్టే తెలుస్తుంది. కార్ఖానాలో ఎనిమిది మరమగ్గాలున్నాయనుకుందాం. నాలుగు రాత్రింబవళ్లు నడుస్తాయి, నాలుగు ఎండ ఉన్నంతసేపే. మగ్గాలు సగం సగమే గాని, టవళ్లు సగం సగం రావు. సౌరఫలకాలది రెండో రకం. ఇక్కడిదాకా వస్తే బ్యాటరీలు ఎందుకు కావాలో పిల్లలే చెబుతారు.

గ్రాఫు మీది మాటలు ఇంగ్లిషులో, ఇంటికొచ్చే కరెంటు బిల్లు మరాఠీలో ఉంటాయి. అందుకే ‘స్థాపిత సామర్థ్యం’, ‘ఉత్పత్తి’ వంటి పదాలను తెలుగు, మరాఠీ, ఇంగ్లిషు మూడింటిలో రాసి ముందే గోడకు అతికిస్తాం. ఇంటర్నెట్ లేని బడిలో వంద పోగుల పడుగు చాలు: 75 నల్లవి, మిగిలినవి రంగులవి. నల్ల పోగు తీసి పసుపు పోగు వేస్తూ పోతే మార్పు చేతికే తెలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ వారం కరెంటు బిల్లును పిల్లల చేతికివ్వండి. ఒక హార్స్‌పవర్ మోటారు, అంటే 746 వాట్లు, పూర్తి లోడుతో పది గంటలు నడిస్తే సుమారు ఏడున్నర యూనిట్లు. ఈ లెక్క వారి చేతే చేయించండి. రేపు కార్ఖానా రేకులపై సోలార్ పెట్టిస్తామని వచ్చేవాళ్లు కిలోవాట్లలో మాట్లాడతారు. మనం డబ్బు కట్టేది యూనిట్లకు. ఆ రెంటికీ తేడా తెలిసినవాళ్లు ఇంట్లో ఒకరుంటే అప్పు చేసే ముందే లెక్క తేలుతుంది.