ఒకే ఊళ్లో ఒకచోట మట్టి చురుగ్గా, మరోచోట మందకొడిగా ఎందుకుంటుంది?

పార్కులో చెట్ల కింద రాలిన ఆకులు కొన్ని నెలల్లో మట్టిలో కలిసిపోతాయి. ఈ పని ఎంజైములది. బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, వేర్లు వీటిని విడుదల చేస్తాయి. సెల్యులేజ్ ఆకులోని సెల్యులోజ్‌ను చక్కెరలుగా విడగొడుతుంది. యూరియేజ్ యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. ఫాస్ఫటేజ్ భాస్వరాన్ని వేర్లకు అందేలా చేస్తుంది.

మరి అన్నిచోట్లా వీటి జోరు ఒకేలా ఎందుకుండదు? నేలను మనం వాడే తీరే ముఖ్య కారణం. పార్కులో ఆకులు, వేర్లు, తేమ ఉంటాయి. సూక్ష్మజీవులకు తిండికి కొదవ లేదు. బళ్లు నిలిపే చోట బరువుకు నేల గట్టిపడి, గాలీ నీరూ లోపలికి సరిగా దిగవు. సిమెంటు పరిచిన చోట ఆకు మట్టిని తాకనే తాకదు. రోడ్ల పక్కన, పాత ఫ్యాక్టరీల దగ్గర పేరుకునే సీసం, రాగి వంటి లోహాలు ఎంజైములకు అతుక్కుని వాటి పనికి అడ్డుపడతాయి.

మట్టి ఎంత చురుగ్గా ఉందో ఎలా తెలుసుకోవాలి? పెద్దల సాయంతో రెండు చోట్ల నుంచి చెంచాడేసి మట్టి తెచ్చి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొన్ని చుక్కలు వేయండి. మట్టిలోని కాటలేజ్ అనే ఎంజైము దాన్ని నీరు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. అందుకే నురగ. కొన్ని ఖనిజాలూ నురగ తెప్పిస్తాయి కానీ, జీవం నిండిన మట్టి సాధారణంగా ఎక్కువ పొంగుతుంది.

రాలిన ఆకుల్ని తగలబెట్టకండి. చెట్టు మొదట్లోనే పరవండి. సూక్ష్మజీవులకు తిండి, మొక్కలకు బలం వాటిలోనే ఉన్నాయి.